మంగళం పాడిన తరువాత

ముగిసిన కథకు కొనసాగింపు కోరడం పాఠకునికి సహజం. కోరినది చేతికి అందిన తరువాత నిరాశ చెందడం కూడ అంత సహజంగానే జరుగుతూ వస్తున్నది. ఈ రెండింటి నడుమ ఒక నైతిక ప్రశ్న వున్నది. ముగిసిన కథపై అధికారం ఎవరిది? దానిని సృష్టించిన రచయితదా, ప్రచురించిన సంస్థదా, ప్రేమించి మనసులో నిలుపుకున్న పాఠకునిదా? కొనసాగింపు బలహీనంగా వున్నప్పుడు అది ఒక సామాన్య రచన అనిపించుకొని ఊరుకుంటుందా, లేక అంతకుముందు వచ్చిన మంచి రచనకు కూడ అపచారం చేస్తుందా? జపాన్ దేశపు బొమ్మల కథా సాహిత్యంలోని ఒక ఉదాహరణ ఈ ప్రశ్నల పరిశీలనకు ఎంతగానో ఉపకరిస్తుంది.

జపాన్‌లో 'మాంగా' అని పిలిచే బొమ్మల కథలు కేవలం పిల్లల కాలక్షేపం కోసం వెలువడేవి కావు. బాలురకు, బాలికలకు, యువతులకు, ఉద్యోగస్థులకు వేర్వేరు పత్రికలున్నాయి. కథ మొదట పత్రికలో ధారావాహికగా వస్తుంది. ఆదరణను బట్టి సంపుటాలుగా వెలువడుతుంది, ఆ తరువాత టెలివిజన్‌కు, చలనచిత్రానికి వెళ్తుంది. ఈ విధానంలో పాఠకుని ఆదరణే కథ ఆయుష్షును నిర్ణయిస్తుంది. కనుక కథ ఎక్కడ ముగియాలన్నది ఒక్క రచయిత నిర్ణయం మీదనే ఆధారపడి వుండదు.

కథా నేపథ్యం

తొమోకో నినొమియా రచించి చిత్రించిన 'నోదామె కాంటాబిలె' 2001లో కోదాన్షా సంస్థవారి 'కిస్' పత్రికలో ప్రారంభమైంది. 'కాంటాబిలె' అనేది పాశ్చాత్య సంగీతంలో ఒక సంకేత పదం. గానం చేస్తున్నట్లుగా వాయించవలెనని దాని భావం. 2004లో ఈ రచనకు కోదాన్షా మాంగా పురస్కారం లభించింది. 2006లో టెలివిజన్ ధారావాహికగా ప్రసారమై, బేథోవెన్ ఏడవ సింఫనీని జపాన్‌లో సంగీత శాస్త్రంతో పరిచయం లేని ఇళ్లకు కూడ చేర్చింది.

కథ ఒక సంగీత కళాశాలలో మొదలవుతుంది. షినిచి చియాకి క్రమశిక్షణకు ప్రతిరూపం. వాద్యబృంద నిర్దేశకుడు కావాలన్నది అతని ఆశయం. అందుకు యూరప్ వెళ్లాలి. కాని బాల్యంలో విమాన ప్రయాణంలో ఎదురైన ప్రమాద భయం అతనిని విమానం ఎక్కనివ్వదు. అతని పొరుగు గదిలో వుండే మెగుమి నోదాను అందరూ నోదామె అంటారు. గది నిండా చెత్త, స్వరలిపి చదవడంలో అలసత్వం. అయినా ఒకసారి విన్న సంగీతాన్ని పియానోపై పలికించగల ప్రతిభ ఆమెకున్నది. ఆమె కోరిక మాత్రం చిన్నపిల్లల బడిలో ఉపాధ్యాయిని కావడమే. బాల్యంలో ఒక గురువు చూపిన కాఠిన్యం వలన ఉన్నత శిక్షణ అంటే ఆమెకు విముఖత ఏర్పడింది. ఆచార్యుని ఆదేశంపై ఇద్దరూ కలిసి మొజార్ట్ రచించిన రెండు పియానోల సొనాటా వాయిస్తారు. అక్కడ వారి అనుబంధం మొదలవుతుంది.

ఈ కథను నడిపించేవి ఈ రెండు లోపాలే. ఒకరు వెళ్లాలనుకుంటారు గాని వెళ్లలేరు. మరొకరు వెళ్లగలరు గాని వెళ్లాలనుకోరు. ఆమె అతని భయాన్ని పోగొడుతుంది. పోటీలో బహుమతి రాక ఆమె స్వగ్రామం చేరుకున్నప్పుడు అతను వెదుక్కుంటూ వెళ్తాడు. ఇద్దరూ పారిస్ చేరుకుంటారు. ఆ తరువాత లండన్‌లో నోదామె వృద్ధ నిర్దేశకుడు స్ట్రెసెమాన్ ఆధ్వర్యంలో షోపిన్ మొదటి పియానో కంచెర్టో వాయిస్తుంది. ఆ విజయం అపూర్వం. కాని దాని వెంటనే ఒక భయం ఆమెను ఆవరిస్తుంది. ఇంతకు మించి ఇక వాయించలేనేమో! ఆమె అందరికీ దూరంగా వెళ్లిపోతుంది. తిరిగి సంగీతం వైపు ఆమె మరలడమే కథకు ముగింపు. 2009లో ఇరవై మూడవ సంపుటంతో ప్రధాన కథ ముగిసింది.

కొద్ది వారాలలోనే 'ఆంకోర్' పేరిట 'ఒపెరా ఘట్టం' ప్రారంభమైంది. 2010లో పూర్తయి, మొత్తం సంపుటాల సంఖ్యను ఇరవై అయిదుకు చేర్చింది. ఇందులో చియాకి జపాన్‌కు వచ్చి ఒక యువ బృందంతో మొజార్ట్ ఒపెరా 'మాయా వేణువు' ప్రదర్శనకు నిర్దేశకత్వం వహిస్తాడు. ఒపెరా అభ్యాసంలోని చిక్కులు, గాయకుల మధ్య పొరపొచ్చాలు, రచయిత్రికి సహజమైన హాస్యం ఇందులో వున్నాయి. అయినా ప్రధాన కథను ప్రేమించిన పాఠకునికి ఏదో వెలితి మిగులుతుంది. కొత్త గాయనీగాయకులు ముందుకు వస్తారు. నోదామె పక్కకు జరుగుతుంది. ఇద్దరి అనుబంధం ముందు ఆగిన చోటనే దాదాపుగా నిలిచి వుంటుంది. అలవాట్లన్నీ వున్నాయి. ఆ అలవాట్లకు కారణమైన ఆర్తి మాత్రం లేదు.

తిరిగి పాడదగినది, తిరిగి జరగనిది

ఈ నిరాశకు మూలం రచయిత్రి నైపుణ్య లోపం కాదు. సంగీతానికి, కథకు వున్న స్వభావ భేదంలో దానిని వెదకవలసి వున్నది.

కచేరీ ముగిసిన తరువాత శ్రోతల కరతాళ ధ్వనులకు స్పందించి కళాకారుడు వినిపించే అదనపు అంశాన్ని పాశ్చాత్యులు ఆంకోర్ అంటారు. సంగీతానికి అది సహజమే. ఒకే రచనను వందసార్లు వాయించవచ్చు, వాయించిన ప్రతిసారీ అది కొత్తగా పుడుతుంది. నోదామె భయానికి ప్రధాన కథ ఇచ్చిన సమాధానం కూడ ఇదే. నిన్నటి కచేరీని మించాలన్న పట్టుదలతో ఎవరూ నేడు వాయించరు. మళ్లీ వాయించడంలోనే ఆనందం వున్నదని గ్రహించిన నాడు ఆమె తిరిగి వస్తుంది.

కథ అటువంటిది కాదు. కథలోని సంఘటన ఒక్కసారే జరుగుతుంది. విమానం ఎక్కలేని వాడు ఒకసారి ఎక్కిన తరువాత మళ్లీ ఎక్కడంలో విశేషం లేదు. ప్రేమను ఒకసారి గుర్తించిన వారు రెండవసారి గుర్తించలేరు. ప్రధాన కథను పాఠకుడు ఎన్నిసార్లైనా చదువుకోవచ్చు. సంగీతంలోని పునరావృత్తికి సాటి వచ్చేది అదే. పాత్రలను మాత్రం వేదికపైకి తిరిగి పిలిస్తే వారికి కొత్త లోటు కాని, కొత్త పరీక్ష కాని కావాలి. అది లేనప్పుడు వారు తమను తాము అనుకరిస్తారు. సంగీత విద్వాంసుల కథకు ఆంకోర్ అన్న పేరు అందంగానే అమరింది. కాని సంగీతానికి చెల్లే న్యాయాన్ని కథకు వర్తింపజేయడంలోనే పొరపాటు జరిగింది.

కర్ణాటక సంగీత సభలలో మంగళం పాడిన తరువాత విద్వాంసుడు మరొక కీర్తన ఎత్తుకోడు. శ్రోతల కోరికలు, చీటీలు, అభ్యర్థనలు అన్నీ మంగళానికి ముందే. ఈ మర్యాద శ్రోతను నిరాకరించడం కోసం ఏర్పడలేదు. విన్నదానిని వెంట తీసుకొని వెళ్లే అవకాశం అతనికి కల్పించడమే దీని ప్రయోజనం. పదునాల్గవ శతాబ్దపు జపనీయ రచయిత కెన్‌కో వస్తువులను కొంత అసంపూర్ణంగా విడిచిపెట్టడమే మేలని, రాజప్రాసాద నిర్మాణంలో సైతం ఒక భాగాన్ని పూర్తి చేయకుండా వుంచేవారని తన వ్యాస సంపుటిలో పేర్కొన్నాడు. గంట మోగి ఆగిన తరువాత గాలిలో మిగిలే ధ్వనికి జపనీయులు 'యోఇన్' అని ప్రత్యేకంగా ఒక పేరే పెట్టుకున్నారు. ఆ అనుధ్వని వినిపిస్తుండగానే మళ్లీ గంట కొడితే రెండూ చెడుతాయి.

పూర్వ ఉదాహరణలు

యువ బృందం ప్రదర్శించిన 'మాయా వేణువు' చరిత్రే ఈ విషయంలో ఒక పాఠం. 1791లో వియన్నాలో ఆ ఒపెరా తొలిసారి ప్రదర్శితమైంది. ఆ సంవత్సరాంతంలోనే మొజార్ట్ మరణించాడు. కథా రచయిత షికనేడర్ 1798లో 'చిక్కుదారి' అన్న అర్థం వచ్చే పేరుతో దానికి రెండవ భాగం వ్రాశాడు. పీటర్ వింటర్ సంగీతం సమకూర్చాడు. అగ్నిని, జలాన్ని దాటి ఒకటైన ప్రేమికులను మళ్లీ పరీక్షలకు గురిచేసే కథ అది. మహాకవి గయ్థే సైతం వేరొక కొనసాగింపును ప్రారంభించి అసంపూర్తిగా విడిచిపెట్టాడు. ప్రపంచపు ఒపెరా వేదికలపై మొదటి భాగం నేటికీ నిత్యనూతనంగా వున్నది. రెండవ భాగం అరుదుగా గాని వినిపించదు.

అయితే కొనసాగింపులన్నీ వ్యర్థమని నిర్ణయించడం చరిత్రకు విరుద్ధం. జపాన్ సాహిత్యానికి శిరోభూషణమైన 'గెంజి గాథ'లో నాయకుడు మధ్యలోనే మరణిస్తాడు. పదకొండవ శతాబ్దారంభంలో మురసాకి షికిబు రచించిన ఆ గ్రంథంలో అతని మరణాన్ని సూచించే అధ్యాయానికి శీర్షిక మాత్రమే వున్నది, పాఠం లేదు. ఆ శూన్యం తరువాత కథ వేరొక తరంతో మొదలై ఉజి గ్రామపు పది అధ్యాయాలతో ముగుస్తుంది. గెంజి వెలుగు పోయిన లోకంలో మనుషులు ఎలా జీవిస్తారన్నది అందులోని ప్రశ్న. ఆ కొనసాగింపు పాత వైభవాన్ని తిరిగి తెచ్చి చూపదు. అది పోయిందని అంగీకరించి అక్కడినుంచి మొదలవుతుంది.

భారతీయ పాఠకునికి ఈ విషయంలో రామాయణం కంటె దగ్గరి ఉదాహరణ లేదు. యుద్ధకాండ చివర పట్టాభిషేకంతో పాటు ఫలశ్రుతి వున్నది. ఫలశ్రుతి అంటే గ్రంథానికి మంగళమే. అందువల్లనే ఉత్తరకాండ తరువాతి కాలపు చేర్పు అని పలువురు పండితులు భావించారు. సీతాపరిత్యాగం ఎందరి హృదయాలనో గాయపరచింది. ఆ గాయమే భవభూతి చేత 'ఉత్తరరామచరితం' వ్రాయించింది. చివరి అంకంలో ఆయన సీతారాములను తిరిగి కలిపాడు. పదమూడవ శతాబ్దంలో తిక్కన 'నిర్వచనోత్తర రామాయణం' రచిస్తూ రామనిర్యాణ ఘట్టాన్ని వ్రాయకుండా విడిచిపెట్టాడు. దానిని తరువాత జయంతి రామభట్టు పూరించాడు. ఉత్తరకాండ సుఖాంతాన్ని కదిలించి, అంతవరకు వున్న ధర్మాన్నే తిరిగి ప్రశ్నించింది. ఇష్టపడినా, పడకపోయినా పాఠకుడు దానిని విస్మరించలేడు. బాధించే కొనసాగింపు వేరు, నిరాశపరచే కొనసాగింపు వేరు. మొదటిది కథను మన చేత మళ్లీ ఆలోచింపజేస్తుంది. రెండవది ఆలోచించవలసిన అవసరం లేదని చెబుతుంది.

బాధ్యత ఎవరిది?

ఇక నైతిక ప్రశ్న మిగిలి వున్నది. రచయిత పాఠకునికి ఋణపడి వున్నాడా? ఇరవై మూడు సంపుటాలు ఇచ్చిన రచయిత్రి మరి రెండు సంపుటాలలో కొంత విశ్రాంతిగా, సరదాగా వ్రాసుకుంటే తప్పు పట్టడం న్యాయం కాదు. తన పాత్రలతో మరికొంత కాలం గడపాలన్న కోరిక సృష్టికర్తకు లేకుండా ఎలా వుంటుంది? పాఠకుడు తనకు నచ్చిన ముగింపును హక్కుగా కోరలేడు. ప్రేమించడం వలన యాజమాన్యం సంక్రమించదు.

అలాగని పాఠకుని నిరాశను తేలికగా కొట్టివేయడం కూడ సరికాదు. ధారావాహికను సంవత్సరాల తరబడి అనుసరించిన పాఠకుడు ఆ పాత్రలతో పాటు వయస్సులో పెరిగాడు. కళాశాల రోజులలో చదవడం మొదలుపెట్టిన వారు ఉద్యోగాలలో చేరి ముగింపు చదివారు. వారి జీవితకాలంలో కొంత భాగం ఆ కథలో వున్నది. నిరాశ చెందడం ఆ కాలానికి వారు చూపే గౌరవమే. కృతజ్ఞత లేని చోట నిరాశకు తావే లేదు.

కనుక దోషాన్ని ఒక్కరి మీదనే మోపడం సాధ్యం కాదు. కరతాళ ధ్వనులు చేసినవాడు పాఠకుడే. ఆగకుండా వినిపించే ఆ ధ్వనిని వ్యాపారంగా మార్చుకొనేది ప్రచురణ వ్యవస్థ. వేదిక దిగలేకపోయేవాడు కళాకారుడు. విరమించవలసిన సమయాన్ని గుర్తించడం ఒక్క కళాకారునికే కాదు, ఏ పదవిలో వున్నవారికైనా కఠినమైన ధర్మమే. మన పెద్దలు వానప్రస్థాన్ని ఓటమిగా భావించలేదు. దానిని ఒక ఆశ్రమంగా గౌరవించారు.

'ఒపెరా ఘట్టం' వలన ప్రధాన కథకు శాశ్వతమైన హాని జరిగిందా? జరగలేదనే చెప్పవలసి వున్నది. షికనేడర్ రెండవ భాగం మొజార్ట్ సంగీతంలో ఒక్క స్వరాన్ని కూడ తగ్గించలేకపోయింది. లండన్ వేదికపై నోదామె వాయించిన షోపిన్ ఆ పుటలలో అలాగే వున్నది. పుస్తకాన్ని ఎక్కడ మూయాలన్న స్వాతంత్ర్యం పాఠకునిది. దానిని ఏ ప్రచురణకర్తా అతని నుంచి తీసుకోలేడు. ఇరవై మూడవ సంపుటం దగ్గర ఆగిపోయే పాఠకుడు రచయిత్రిని అవమానించినట్లు కాదు. ఆమె ఒకసారి సరిగా పలికిన ముగింపును అతను వినగలిగాడు, అంతే.

నినొమియా ఆ తరువాతి కాలంలో సంగీతాన్ని విడిచి, రత్నాభరణాల తాకట్టు దుకాణం నేపథ్యంగా వేరొక కథను చేపట్టారు. కొత్త మనుషులు, కొత్త లోటులు, కొత్త ప్రశ్నలు. పాఠకుల కరతాళ ధ్వనులకు రచయిత ఇవ్వగల నిజమైన ఆంకోర్ బహుశా అదే కావచ్చు.