పాస్టరమ్మ: చేయని ప్రమాణం
తెలుగు క్రైస్తవ సంఘాలలో పాస్టరు భార్యను ‘పాస్టరమ్మ’ అంటారు. ‘టీచరమ్మ’కు ఆ పేరు తన ఉద్యోగంవల్ల వచ్చింది, ‘పాస్టరమ్మ’కు సాధారణంగా భర్త పదవివల్ల. గురుపట్టాభిషేకంలో ప్రమాణం చేసేది అతడొక్కడే. స్త్రీల కూడిక, సండేస్కూలు, వేళకాని వేళ వచ్చినవారికి భోజనం మాత్రం ఆమె విధులవుతాయి. తిమోతికి వ్రాసిన మొదటి పత్రిక 3వ అధ్యాయం అధ్యక్షుని అర్హతలను వివరించినా, అతని భార్యకు ఏ పనినీ నిర్దేశించలేదు. 11వ వచనం పరిచారకుల ప్రస్తావనలోనిది. అందలి గ్రీకు పదానికి ‘స్త్రీలు’, ‘భార్యలు’ అనే రెండర్థాలూ ఉన్నవి.

తెలిసే పెళ్లాడింది కదా అనే వాదం తేలికగా తోసిపుచ్చదగినది కాదు. అయితే వివాహంలో ఆమె సమ్మతించినది ఒక మనిషికి. సంఘానికి సమ్మతించినదని చెప్పాలంటే వేరుగా అడగవలసి ఉంటుంది. ఎవరూ అడగరు. అడగనిదానికి కాదనే అవకాశమూ లేదు. ఆమె ఇష్టపడి చేసిన సేవ సైతం విధి కిందనే జమ అవుతుంది. మానిన రోజు మాత్రం లోపంగా లెక్కకు వస్తుంది.