అంతర్జాలంలో ఆర్జన - అంతరాత్మకు లెక్క



"ఫాదర్, ఇంట్లో కూర్చుని ఫోనులో డబ్బు సంపాదించడం తప్పా?" అని ఈ మధ్య యువతీయువకులు తరచు అడుగుతున్నారు. వారి తల్లిదండ్రులు అడిగే ప్రశ్న వేరు: "మావాడు రాత్రింబవళ్లు ఆ ఫోను పట్టుకునే ఉంటున్నాడు. అది పనా, జూదమా?" కామారెడ్డి, ఎల్లారెడ్డి ప్రాంతాల కుటుంబాలకు ఇవి ఊసుపోక అడిగే ప్రశ్నలు కావు. మన ఇళ్లలో ఒకరు గల్ఫ్ దేశపు ఎండలో పనిచేస్తుంటారు. మరొకరు ఒళ్లో చాట పెట్టుకొని బీడీలు చుడుతుంటారు. అలా కూడిన రూపాయే చివరకు బిడ్డ చేతిలోని ఫోనుకు చేరుతున్నది. కనుక ఈ రెండు ప్రశ్నలకూ కలిపి జవాబు వెదకుదాం.

మొదట ఒక సంగతి స్పష్టం చేసుకోవాలి. సంపాదన పాపం కాదు. వర్తకంలో లాభం దానంతట అదే చెడ్డదీ కాదు, మంచిదీ కాదని పునీత తోమా అక్వినాసు 13వ శతాబ్దంలోనే బోధించాడు. ఆ లాభాన్ని కుటుంబ పోషణకో, పేదల సహాయానికో, తన శ్రమకు ప్రతిఫలంగానో కోరుకుంటే అది న్యాయమైనదే అన్నాడు. పనిముట్టు మారినంత మాత్రాన ఈ నియమం మారదు. కుట్టుపని నేర్చిన ఒక చెల్లెలు తన జాకెట్ల నమూనాలను వాట్సాప్‌లో చూపి పక్క ఊరి బేరాలు తెచ్చుకుంటే, లెక్కలు బాగా వచ్చిన ఒక తమ్ముడు దూరపు పిల్లలకు ఫోనులో పాఠం చెప్పి రుసుము తీసుకుంటే, అది గౌరవప్రదమైన కష్టార్జితం. అందులో ఒకరు ఇచ్చారు, ఒకరు పుచ్చుకున్నారు. ఇద్దరూ బాగుపడ్డారు.

చిక్కు ఎక్కడ వస్తుంది? గ్రీకు తత్త్వవేత్త అరిస్టాటిల్ 'రాజనీతి' మొదటి భాగంలో ధనార్జనను రెండు రకాలుగా విడదీశాడు. ఇల్లు గడవడానికి సంపాదించేది ఒకటి. దానికి హద్దు ఉంటుంది, ఎందుకంటే ఇంటి అవసరాలకు హద్దు ఉంటుంది. డబ్బు కోసమే డబ్బు సంపాదించేది రెండవది. దానికి హద్దు లేదు. ముట్టిందల్లా బంగారమై అన్నం తినలేకపోయిన మిడాసు కథను ఆయన అక్కడే గుర్తుచేస్తాడు. ఫోను తెరమీద అంకెలు పెరుగుతుంటే భోజనానికి లేవని మన కుర్రవాడు కూడా ఆ మిడాసు వంశంవాడే!

కామారెడ్డి బెల్లం మార్కెట్టు మనందరికీ తెలుసు. చెరుకు నాటిన రైతు పది పన్నెండు నెలలు ఆగుతాడు. గానుగాడించి, రసం కాచి, పాకం కుదిరేదాకా పొయ్యి దగ్గరే నిలబడతాడు. తొందరపడి దింపితే గడ్డకట్టదు. ఏమరితే మాడిపోతుంది. ఆ ఆగడం వృథా కాలం కాదు. ఆ నెలల్లోనే పంట పండుతుంది, మనిషీ పండుతాడు. ఒకప్పుడు షేరు కొనాలన్నా కాగితాలు నింపాలి, దళారిని వెదకాలి, సర్టిఫికెట్టు తపాలాలో వచ్చేదాకా ఎదురుచూడాలి. 1996లో డిపాజిటరీల చట్టం వచ్చాక ఆ కాగితాలు పోయాయి. 2016లో యూపీఐ వచ్చాక డబ్బు పంపడం రెప్పపాటు పని అయింది. ఇది మేలే. కాని ఆశకూ చేతకూ మధ్య ఉన్న దూరం కూడా దానితోనే పోయింది. పూర్వం ఆ దారిలో నడుస్తుండగానే ఆశ చల్లారేది, ఆలోచన మేలుకొనేది. దారి చేసిన ఆ పనిని ఇప్పుడు మన సద్గుణమే చేయాలి. నేను చెప్పదలచిన అసలు మాట ఇదే.

ఆ సద్గుణం లేనప్పుడు ఏమవుతుందో లెక్కలే చెబుతున్నాయి. షేర్ల మార్కెట్టును నియంత్రించే సెబీ సంస్థ 2024 సెప్టెంబరులో ఒక అధ్యయనం వెలువరించింది. 2021-22 నుండి 2023-24 వరకు మూడేళ్లలో ఫ్యూచర్స్, ఆప్షన్స్ వ్యాపారం చేసిన కోటిమందికి పైగా సామాన్య వ్యక్తులలో 93 శాతం మంది నష్టపోయారు. వారి మొత్తం నష్టం 1.8 లక్షల కోట్ల రూపాయలకు పైమాటే. అంతకంటే ఆలోచింపజేసేది మరొకటి ఉంది. వరుసగా నష్టం వచ్చినా నష్టపోయినవారిలో 75 శాతానికి పైగా ఆ పని మానలేదు! మంచి ఎలా అలవాటవుతుందో, చెడూ అలాగే అలవాటవుతుందని సెమినరీ తత్త్వశాస్త్ర తరగతుల్లో చదువుకున్నాం. దానికి ఇంతకంటే నిదర్శనం ఏం కావాలి? ఇక పందెపు ఆటల సంగతి చెప్పనక్కరలేదు. ఆన్‌లైను రమ్మీని తెలంగాణ ప్రభుత్వం 2017లోనే నిషేధించింది. డబ్బు పందెపు ఆన్‌లైను ఆటలను నిషేధిస్తూ 2025 ఆగస్టులో పార్లమెంటు కూడా చట్టం చేసింది.

"నెలకు రెట్టింపు" అని ఎవరైనా సందేశం పంపితే, పిల్లలచేత ఒక గుణకారం చేయించండి. పదివేలు నెలనెలా రెట్టింపైతే పది నెలలకు కోటి దాటుతుంది. ఇరవై నెలలకు వెయ్యి కోట్లు దాటుతుంది. అంతటి విద్య తెలిసినవాడు మీ పదివేల కోసం ఎందుకు చెయ్యి చాస్తాడు? ఇప్పుడు రెండో లెక్క. నెలకు వెయ్యి రూపాయల చొప్పున పదేళ్లు, ఏటా 7 శాతం రాబడితో దాస్తే, కట్టిన లక్షా ఇరవై వేలు సుమారు లక్షా డెబ్బై మూడు వేలవుతాయి. చూడటానికి ఆకర్షణ లేని లెక్కే. కాని ఇది నిజమైన లెక్క. 1990లలో సారా వ్యతిరేక ఉద్యమం తరువాత నెల్లూరు జిల్లా స్త్రీలు రోజుకు ఒక్క రూపాయి చొప్పున పొదుపు ప్రారంభించారు. రూపాయి చిన్నదే, ఆ అలవాటు పెద్దది. తొందరపాటు ధనం తరిగిపోతుందని, కొంచెం కొంచెంగా కూర్చినది పెరుగుతుందని సామెతల గ్రంథం 13వ అధ్యాయం చెప్పే సారాంశమూ ఇదే.

అయితే ఇంట్లో ఏ అలవాట్లు నేర్పుకోవాలి?

ఒకటి, "ఈ డబ్బు నాకు ఎవరు ఇస్తున్నారు, దేనికి ఇస్తున్నారు?" అని అడగాలి. నేను చేసిన మేలుకు ఇస్తే తీసుకోవచ్చు. మరొకరు పోగొట్టుకుంటేనే నాకు వస్తుందంటే ఆగాలి.

రెండు, ముందు విద్య, తరువాత ఆదాయం. ఏడాదిపాటు ఒక పనిని శ్రద్ధగా నేర్చుకోని చేతికి అంతర్జాలం కూడా ఏమీ ఇవ్వదు.

మూడు, అప్పు తెచ్చి మదుపు పెట్టరాదు. 2020 చివరలో రుణ యాప్‌ల వేధింపులు తాళలేక మన రాష్ట్రంలోనే కొందరు ప్రాణాలు తీసుకున్న సంగతి మరువవద్దు.

నాలుగు, పెద్ద మొత్తం పంపేముందు ఒక రాత్రి నిద్రపోవాలి, ఇంట్లో ఒకరికి చెప్పాలి. చెప్పడానికి సిగ్గుపడే లావాదేవీ చేయదగినది కాదు.

ఐదు, రాబడిలో కొంత పేదలకు తీసిపెట్టాలి. ఆదివారం ఆ తెరను ఆర్పివేయాలి. ఇవ్వగలిగినవాడు, ఆపగలిగినవాడు మాత్రమే డబ్బుకు యజమాని. తక్కినవారికి డబ్బే యజమాని.

చివరగా తల్లిదండ్రులకు ఒక మనవి. మీ బిడ్డ ఇప్పటికే పోగొట్టుకొని ఉండవచ్చు. గల్ఫ్ నుండి వచ్చిన డబ్బు పోయిందని చెప్పడానికి నోరు రాక కుమిలిపోతూ ఉండవచ్చు. ఆ నోరు తెరిపించేది మీ కోపం కాదు. తప్పిపోయిన కుమారుని తండ్రి లెక్క అడగకముందే ఎదురు పరుగెత్తాడు. మీరూ ముందు దగ్గరకు తీసుకోండి, లెక్కలు తరువాత చూడవచ్చు. మోసం జరిగి ఉంటే ఆలస్యం చేయక 1930 నంబరుకు ఫోను చేసి ఫిర్యాదు చేయండి. పోయిన డబ్బును మళ్లీ సంపాదించుకోవచ్చు. బిడ్డ పోతే ఏ మార్కెట్టూ తిరిగి ఇవ్వలేదు.