చెరసాల వాకిట దాసోహము

 

మన ఖమ్మము సీమలో పుట్టినవారికి చెరసాల యనగానే మొదట స్ఫురించు పేరు కంచర్ల గోపన్న. ఆయన నేలకొండపల్లి వాస్తవ్యుడు, పాల్వంచ పరగణాకు తహశీలుదారు. సర్కారునకు చేరవలసిన శిస్తు సొమ్మును భద్రాచల రామాలయ నిర్మాణమునకు వెచ్చించెనను అభియోగముపై, 1672 నుండి గోలకొండ నేలిన అబుల్ హసన్ తానీషా కాలమున, పండ్రెండేండ్లు బందీయై యుండెనని పెద్దలు చెప్పుదురు. గోలకొండ కోటలో ఆయన బందీఖానాను నేటికిని యాత్రికులకు చూపుచున్నారు. కథ తుదిఘట్టము మనకందరకు తెలిసినదే. రామలక్ష్మణులు సామాన్య మానవ రూపములతో తానీషా వద్దకు వచ్చి, ఆరులక్షల రూకలు చెల్లించి, రసీదు పుచ్చుకొని, తమ భక్తుని విడిపించిరట.

ఈ కథను ముప్పదియేండ్లుగా తరగతిలో చెప్పుచున్నాను. “రాముడు కారాగారపు తలుపులు బద్దలు కొట్టలేదు, రాజుపై బాణము వేయలేదు, బాకీ చెల్లించి రసీదు పుచ్చుకొన్నాడు” అని పిల్లలకు వివరించుట నాకు పరిపాటి. కాని ఆ మాటలోని అంతరార్థము నాకు బోధపడినది పది సంవత్సరముల క్రిందట మాత్రమే. అదియు నా తప్పిదము వలననే.

భద్రాచలమునకు ఎగువన అడవి యంచున నేను పనిచేసిన యొక యూరిలో కోయ బాలుడొకడు నా వద్ద చదివెను. పద్యము ధారణ చేయుటలో చురుకైనవాడు. పదవ తరగతి తరువాత చదువు మాని, పోడు చేనిలో తండ్రికి తోడయ్యెను. కొన్నాళ్లకు అటవీ భూమి కేసొకటి అతనిపై పడినది. న్యాయస్థానము బెయిలు మంజూరు చేసినది. ఇద్దరు జామీనుదారులు కావలెనన్నది. ఒక సాయంకాలము వాని తండ్రి వచ్చి మా యింటి అరుగుపై కూర్చుండెను.

“సారూ, మీ జీతం కాగితం ఉంటే చాలంట. పిల్లగాడు ఇంటికొస్తడు” అనెను.

నేను వెంటనే కాదనలేదు. “ఆలోచించి చెబుతాను పెద్దాయనా” అంటిని. ఆలోచించుటకేమున్నది? వాడు పారిపోయినచో నా జీతమేమగునో, పై అధికారులేమనుకొందురో అను భయమే. ఆ రాత్రి ఇష్టలింగమును కరస్థలమున నిలిపి యథావిధిగా పూజించితిని. ఆ పూజలో ఆ తండ్రి ముఖము ఒక్కసారియైన నాకు గుర్తురాలేదు. ఆయన మరల అడుగుటకు రాలేదు. బెయిలు కాగితము చేతికి వచ్చిన పిదప గూడ ఆ బాలుడు నాలుగు మాసములు లోపలనే యుండెను. తుదకు కేసు కొట్టివేయబడినది. సంతలో కనబడినప్పుడు వాడు చేతులు జోడించి “సారూ, బాగున్నారా?” యని నవ్వుచు పలుకరించెను. ఆ నవ్వు నన్ను నేటికిని వదలలేదు.

బంధువులారా! నిందితుడనగానే ముఖము త్రిప్పుకొనుట మనకు అలవాటు. మన బసవేశ్వరుడే ఒకనాడు నిందితుడుగా నిలువలేదా? కల్యాణమున బిజ్జలుని భాండాగారమును చూచుచుండిన బసవన్న, రాజధనమును జంగమార్చనకు వ్యయము చేయుచున్నాడని కొండెగాండ్రు ఫిర్యాదు చేసిరి. లెక్క చూడగా ఒక్క కాసు తక్కువ కాలేదని పాల్కురికి సోమనాథుడు బసవపురాణమున వర్ణించెను. గోపన్నపై మోపినదియు, బసవన్నపై మోపినదియు ఒక్కటే నేరము: సర్కారు సొమ్ము. ఒకరు శైవులు, ఒకరు వైష్ణవులు. ఇరువురును దొరతనము ముందు దోషులుగా నిలిచినవారే. వీరిని పూజించు మనము, విచారణలో నున్న పేదవానిని చూడగానే నేరము రుజువైనదని తలచుట ఏ ధర్మము?

ఇక మన కాలమును పరికింతము. 2022 సంవత్సరాంతపు జాతీయ గణాంకముల ప్రకారము భారతదేశపు జైళ్లలో 5,73,220 మంది యుండగా, వారిలో 4,34,302 మంది విచారణ ఖైదీలు. అనగా నూటికి 75 మందికి పైగా నేరము రుజువు కానివారే. వీరిలో బెయిలు దొరకనివారు కొందరు. బెయిలు దొరికియు పూచీకత్తు దొరకనివారు మరికొందరు. ధనవంతుడు సాయంకాలమునకు ఇల్లు చేరును. పేదవాడు పూచీకి మనిషి లేక మాసములు గడుపును. వానిని లోపల నుంచునది నేరము కాదు, లేమి.

మన అడవి సీమలో ఈ లేమికి ఒక విచిత్రమైన మెలిక గలదు. జామీను నిలుచువాడు తన ఆస్తికి ధ్రువపత్రము చూపవలెను. పోడు చేసికొని బ్రతుకువాని బంధువులందరిదియు పోడు భూమియే. పట్టా లేనిది ఆస్తిగా చెల్లదు. ఏ భూమికి పట్టా లేనందున కేసు పుట్టినదో, ఆ పట్టా లేనందుననే బయటికి వచ్చు దారియు మూసికొనుచున్నది. 2006 నాటి అటవీ హక్కుల చట్టము క్రింద కొందరికి పట్టాలు వచ్చినవి, 2023లోను మన రాష్ట్రమున పంచిరి. రానివారు ఇంకను గలరు. దీనికి తోడు సరిహద్దు చిక్కు. 2014లో పోలవరము ప్రాజెక్టు నిమిత్తము భద్రాచలము చుట్టునున్న అనేక గ్రామములు ఆంధ్రప్రదేశములో చేర్చబడినవి. అన్న ఒక రాష్ట్రమున, తమ్ముడు మరియొక రాష్ట్రమున మిగిలిన కుటుంబములు మనకు తెలియనివి కావు. పొరుగు రాష్ట్రపు తమ్ముడు జామీను నిలుతునన్నచో పనికిరాదని గుమాస్తాలు త్రిప్పి పంపుట కలదు.

అది సరికాదని సర్వోన్నత న్యాయస్థానము 1978లోనే చెప్పినది. మోతీరాము అను పేద తాపీపనివాని కేసులో పదివేల రూపాయల పూచీ అడిగి, అతని సోదరుని ఆస్తి వేరు జిల్లాలో నున్నదని జామీను త్రోసిపుచ్చగా, జస్టిస్ కృష్ణయ్యర్ ఆ పద్ధతిని తప్పుపట్టి, వేయి రూపాయల స్వంత పూచీకత్తుపై అతనిని విడువుమనిరి. తీర్పు వచ్చి నలుబదియేండ్లు దాటినది. ఆ తీర్పు గలదని కోయగూడెమునకు తెలుపు నాథుడు కావలెను గదా!

ఇచ్చట ఒక పరదేశపు శరణుని కథ చెప్పవలెను. అతనిని శరణుడనుటకు నేను సంకోచింపను. అమెరికాలోని బోస్టను నగరమున జాన్ ఆగస్టస్ అను చెప్పులు కుట్టువాడుండెను. 1841లో ఒకనాడు న్యాయస్థానమునకు పోగా, త్రాగుబోతని పట్టి తెచ్చిన ఒక దీనుడు కనబడెను. ఆ చర్మకారుడు ముందునకు వచ్చి “ఇతనికి నేను పూచీ” యనెను. మూడు వారములకు ఆ మనిషిని త్రాగుడు మాన్పించి న్యాయాధిపతి యెదుట నిలిపెను. అతనికి నామమాత్రపు జుల్మానాయే పడినది. ఆనాటి నుండి 1858 వరకు ఆగస్టస్ దాదాపు 1,950 మందికి పూచీ నిలిచెను. ఆతని మరణానంతరము 1878లో ఆ రాష్ట్రము ఈ పద్ధతిని చట్టముగా చేసినది. నేడు లోకమంతట ప్రొబేషను అని పిలుచు పరివీక్షణ పద్ధతికి మూలపురుషుడు ఆ చెప్పులు కుట్టువాడే. కల్యాణమున హరళయ్యయు చెప్పులు కుట్టువాడే. తన కుమారునికి బ్రాహ్మణుడైన మధువరసు కుమార్తెను చేసికొన్నందుకు రాజదండనకు బలియైన శరణుడు. కాయకమే కైలాసమని నమ్మిన మనకు ఈ రెండు ముంగిళ్లు దూరముగా తోచునా?

మన దేశమున పరివీక్షణ చట్టము 1958లో వచ్చినది. మరణశిక్షకో యావజ్జీవ శిక్షకో తగని నేరములలో, దోషి వయస్సు, నడవడి, పూర్వస్థితి చూచి, శిక్షకు బదులు సత్ప్రవర్తన పూచీపై విడుచుటకు న్యాయస్థానమునకు అధికారము గలదు. ఇరువదియొక్క యేండ్లు నిండనివారి విషయమున జైలు శిక్ష తప్పనిసరి యని తోచినచో కారణము వ్రాయవలెను. అట్లు విడువబడిన వానిని కనిపెట్టి, అవసరమైనచో పని చూపి, దారిలో పెట్టువాడు ప్రొబేషను అధికారి. ఆ అధికారి ప్రభుత్వోద్యోగియే కానక్కరలేదు. ప్రభుత్వము గుర్తించిన సేవాసంఘము సమకూర్చిన వ్యక్తియు కావచ్చునని ఆ చట్టము 13వ విభాగమే చెప్పుచున్నది. చట్టము మన వాకిలి తట్టి “మీలో ఎవరైన గలరా?” యని అడుగుచున్నది. మనము అన్నదానపు లెక్కలలో మునిగి ఆ పిలుపు వినుట లేదు.

అడుగువారు గలరు: “దొంగిలింపబడినవాని కన్నీటి మాటేమి? దెబ్బ తిన్నవాని గతి యేమి?” ఈ ప్రశ్న న్యాయమైనది. దొంగతనము, హింస, అసత్యము వలదని మనకు ముందుగా బోధించినవాడు బసవన్నయే. నేరమును సమర్థింపుమని నేను చెప్పుట లేదు. పరివీక్షణపై విడుచునప్పుడు బాధితునకు నష్టపరిహారము ఇప్పించు అధికారమును ఆ చట్టమే న్యాయస్థానమునకు ఇచ్చినది. పనిలో నిలిచినవాడు పరిహారము చెల్లింపగలడు. జైలులో కుళ్లినవాడు ఏమి చెల్లించును? వాని భార్యాబిడ్డలు చేయని నేరమునకు ఆకలి శిక్ష అనుభవింతురు. 1886లో కట్టిన వరంగల్లు కేంద్ర కారాగారము 2021లో తొలగింపబడిన పిదప, మన వారిని చూచుటకు హైదరాబాదు వరకు పోవలసిన కుటుంబములు గలవు. భద్రాచలము నుండి అది సుమారు మూడువందల కిలోమీటర్లు. ఒక ములాఖతుకు తునికాకు కాలపు సంపాదనలో ఎంత భాగము పోవునో యోచింపుడు.

మన తెలుగునాట ఇట్టి సేవ జరుగలేదా? జరిగినది. బ్రిటిషువారు 1871లో చేసిన నేరస్థ జాతుల చట్టము పుట్టుకతోనే మనిషిని దొంగగా వ్రాసినది. బాపట్ల సమీపమున స్టూవర్టుపురము ఆ చట్టము క్రింద వెలసిన ఎరుకల వారి సెటిల్మెంటు. 1952లో చట్టము రద్దయ్యెను గాని, ముద్ర చెరుగలేదు. 1970ల నుండి ఆ యూరిలో అడుగుపెట్టి, దొంగతనము మాని బ్రతుకుదుమన్నవారికి అండగా నిలిచి, “సంస్కార్” అను సంస్థ ద్వారా పాటుపడినవారు హేమలతా లవణం. మహాకవి జాషువా కుమార్తె, గోరాగారి కోడలు, 2008లో కీర్తిశేషులైరి. ఆమె నాస్తికురాలు. దేవుని నమ్మని ఆమె ఆ గడపలు త్రొక్కినది. ప్రతి మనిషియు శివుని నడయాడు గుడియని నమ్ము మనము త్రొక్కలేదు. ఈ మాట వ్రాయుటకు నాకు సిగ్గు కలుగుచున్నది. కాని సిగ్గు పడుటతో సరిపెట్టుకొనరాదు.

మనము చేయదగిన పనులు కొన్ని విన్నవించెదను.

మొదటిది తెలుపుట. నిర్బంధములో నున్న ప్రతి వ్యక్తికిని, షెడ్యూల్డు కులముల, తెగల వారికిని ఉచిత న్యాయసహాయము పొందు హక్కును 1987 నాటి చట్టము ఇచ్చినది. జిల్లా న్యాయసేవాధికార సంస్థకు పోవచ్చును. 15100 సంఖ్యకు ఫోను చేయవచ్చును. 2024 జులై 1 నుండి అమలైన క్రొత్త స్మృతి 479వ విభాగము ప్రకారము, మరణశిక్షకో యావజ్జీవ శిక్షకో తగని మొదటి నేరము మోపబడినవాడు ఆ నేరపు గరిష్ఠ శిక్షలో మూడవ వంతు కాలము విచారణలోనే గడిపినచో, వేరు కేసులు లేనియెడల, విడుదలకు అర్హుడగును. జామీను సొమ్ము లేక నిలిచిపోయిన పేదలకు, కొన్ని ఘోర నేరములు మినహాగా, పూచీ సొమ్మునకును, జుల్మానా కట్టలేని వారికి 25,000 రూపాయల వరకును సాయపడు కేంద్ర పథకము 2023లో వచ్చినది. కోయ భాష తెలిసిన యువకుడొకడు ఈ సంగతులు గూడెములలో చెప్పినచో అదియే జంగమ సంచారము.

రెండవది పూచీ నిలుచుట. తెలిసినవానికి, వాయిదాలకు తీసికొని పోగలిగినవానికి మాత్రమే నిలువవలెను. డబ్బు పుచ్చుకొని నిలుచు వృత్తి జామీనుదారులు పాపాత్ములు. ఇందులో నష్టభయము లేకపోలేదు. వాడు రానిచో మన సొమ్ము పోవచ్చును. నష్టము లేని దానమును దాసోహమని ఎట్లందుము? మిగిలినది పెట్టుట దానము. తన్ను తాను ఒడ్డుట దాసోహము.

మూడవది ఇంటివారిని చూచుట. బసవ జయంతికి మనము చేయు అన్నసంతర్పణ వ్యయములో పదవ వంతు ఖైదీల పిల్లల పుస్తకములకు, ములాఖతు చార్జీలకు తీసి యుంచుదము.

నాలుగవది కాయకము చూపుట. విడుదలైన దినమున గేటు బయట నిలుచు మనిషి ఒక్కడున్న చాలును. ఒక పూట భోజనము, బస్సు టికెట్టు, ఆ పిదప పని. మనలో వ్యవసాయదారులు, మిల్లుల వారు, దుకాణదారులు గలరు. జీతగానిగా కాదు, కాయకజీవిగా ఒక్కనిని నిలిపికొనుడు.

బంధువులారా! బసవన్న యింట గోవులను దొంగలు తోలుకొని పోగా, పాలకై దూడలు అరచుచున్నవని వానిని గూడ వారికే పంపెనని మన సంప్రదాయమున చెప్పుకొందురు. ఆ మహానుభావుడు దొంగను చూడలేదు. తల్లికి దూరమైన దూడను చూచెను. చెరసాల గోడకు ఇవతల ఎన్ని దూడలు అరచుచున్నవో మనము వినవలెను.

గత కార్తికమాసమున మా గ్రామపు కూలివాడొకనికి నేను మొదటిసారి జామీను కాగితముపై సంతకము చేసితిని. వ్రేళ్లు వణకినవి. అతడు ప్రతి వాయిదాకు వచ్చుచున్నాడు. నేనును వెంట పోవుచున్నాను. నా పూర్వపు విద్యార్థి విషయమున చేసిన తప్పు దీనివలన తీరదు. కాని ఇప్పుడు తరగతిలో గోపన్న కథ చెప్పునప్పుడు, రాముడు పుచ్చుకొన్న రసీదు మాట వచ్చినచోట నా గొంతు తడబడుట లేదు.

సర్వే జనాః సుఖినో భవంతు. శరణార్థి.