ఎదుట లేని పెళ్లికొడుకు

అమెరికా 1952లో చేసిన వలస చట్టంలో భార్య ఎవరు, భర్త ఎవరు అని చెప్పే చిన్న నిర్వచనం ఒకటుంది. పెళ్లి జరిగిన వేళ వధూవరులు ఒకరి ఎదుట ఒకరు స్వయంగా లేకపోతే, ఆ పెళ్లి వల్ల వాళ్ళు వలస చట్టం లెక్కలో భార్యాభర్తలు కారు. ఆ పెళ్లి తర్వాత ఇద్దరి మధ్య దాంపత్య సంయోగం జరిగి ఉంటే మాత్రం అవుతారు.

నేను కతోలిక గురువును. గుంటూరు జిల్లాలో పుట్టి పెరిగి, అక్కడే గురుపట్టాభిషేకం పొంది, ఇప్పుడు కాన్సస్ రాష్ట్రంలో గోధుమ చేల మధ్య ఉన్న ఒక ఊళ్ళో విచారణ గురువుగా (ప్యారిష్ ప్రీస్టుగా) ఉన్నాను. జ్ఞానవివాహాలు జరిపించడం నా బాధ్యతల్లో ఒకటి. పెళ్లిని పెళ్లిగా చేసేది ఏమిటి అన్న ప్రశ్నకు ఒక దేశం తన చట్టంలో రాసుకున్న జవాబు అది. ఒక నిజమైన భయంలోంచి ఆ జవాబు పుట్టిందని ఒప్పుకుంటాను. అయినా అది తప్పు జవాబని నమ్ముతున్నాను.

మా వైపు అబ్బాయి ఒకడు ఇక్కడ హెచ్-1బి వీసా మీద ఉద్యోగం చేస్తున్నాడు. గుంటూరులో నర్సుగా పనిచేసే అమ్మాయితో అతనికి ప్రధానం అయింది. పెళ్లికి ఇండియా వెళితే తిరిగి రావడానికి వీసా స్టాంపింగ్ కావాలి. అపాయింట్‌మెంట్ దొరక్క అక్కడే నెలల తరబడి ఆగిపోతే ఉద్యోగం పోతుందని అతని భయం. వాళ్ళమ్మ నాకు ఫోను చేసింది. "ఫాదర్ గారూ, మా పెద్దోడు తమ్ముడి బదులు గుడిలో నిలబడతాడు. అట్లా పెళ్లి చేసుకోవచ్చని విన్నాం. పెళ్లయిపోతే కోడల్ని డిపెండెంట్ వీసా మీద పంపించేస్తాం" అంది.

ఆమె విన్నది అబద్ధం కాదు. మా కతోలిక శ్రీసభ 1983 ధర్మశాస్త్రం ప్రకారం వధూవరులు స్వయంగా గానీ, ప్రతినిధి ద్వారా గానీ హాజరై పెళ్లి చేసుకోవచ్చు. కానీ దానికి పెట్టిన షరతులు గట్టివి. ఎవరిని పెళ్లాడుతున్నాడో పేరుతో సహా రాసిన ప్రత్యేక అధికార పత్రం ఉండాలి. ప్రతినిధిని పెళ్లికొడుకు తానే ఎంచుకోవాలి. ఆ ప్రతినిధి తన పనిని మరొకరికి అప్పగించడానికి వీల్లేదు. పత్రం మీద పెళ్లికొడుకు సంతకంతో పాటు అతను ఉంటున్న చోటి విచారణ గురువు సంతకమో, ఇద్దరు సాక్షుల సంతకాలో కావాలి. తప్పనిసరి పరిస్థితి అయితే తప్ప, మేత్రాణుల (బిషప్పుగారి) అనుమతి లేకుండా ఏ గురువూ ఇలాంటి పెళ్లి జరిపించకూడదు. వీటన్నిటికంటే ముఖ్యమైన షరతు ఇంకొకటి ఉంది. పత్రం రాసిచ్చిన మనిషి, అక్కడ ప్రతినిధి మాట ఇచ్చే లోపల మనసు మార్చుకుంటే పెళ్లి చెల్లదు. అతను మనసు మార్చుకున్న సంగతి గుడిలో ఉన్నవాళ్ళెవరికీ తెలియకపోయినా సరే, చెల్లదు.

ఈ చివరి షరతు దగ్గర నేను ఎప్పుడూ ఆగిపోతాను. గుడిలో అన్నీ సవ్యంగా జరిగాయి. గంటలు మోగాయి, అన్న మాట ఇచ్చాడు, అమ్మాయి మాట ఇచ్చింది, సాక్షులు సంతకాలు పెట్టారు. ఏడు సముద్రాల అవతల ఒక గదిలో ఒక మనిషి అంతకు కాసేపటి ముందే లోలోపల వద్దనుకుని ఆ పత్రాన్ని రద్దు చేసుకున్నాడు. అక్కడ పెళ్లి జరగలేదు. అంటే ప్రతినిధి మోసుకువెళ్ళింది కాగితాన్ని కాదన్నమాట, ఆ క్షణం దాకా బతికి ఉన్న ఒక ఇష్టాన్ని. పెళ్లిని చేసేది ఆ ఇష్టమే. మరే మానవ శక్తీ దానికి బదులు నిలవలేదని శ్రీసభ బోధ.

ఈ బోధ వాదోపవాదాల్లో నలిగి నిలబడింది. 1140 ప్రాంతంలో బొలోన్యాలో శ్రీసభ చట్టాలను సంకలనం చేసిన గ్రేషియన్ దృష్టిలో, ఇచ్చిపుచ్చుకున్న మాటతో పెళ్లి మొదలవుతుంది, సంయోగంతోనే అది పూర్తవుతుంది. పారిస్‌లో పీటర్ లొంబార్డ్ దాన్ని ఒప్పుకోలేదు. భవిష్యత్తు వాగ్దానంగా కాక వర్తమానంలో, స్వేచ్ఛగా ఇచ్చిన మాటతోనే పెళ్లి సంపూర్ణమని ఆయన వాదం. ఆయన పక్షానికి బలమిచ్చినది యేసు తల్లి మరియమ్మ, ఆమె భర్త జోజప్పల దాంపత్యం. మరియమ్మ నిత్యకన్య అని మా విశ్వాసం. అలాంటప్పుడు సంయోగమే పెళ్లికి ప్రాణమైతే వాళ్ళిద్దరూ భార్యాభర్తలు కానట్టే కదా! ఆ మాట అనడానికి ఏ క్రైస్తవుడికి నోరు వస్తుంది? ఆ శతాబ్దంలోనే మూడవ అలెగ్జాండర్ పాపుగారి తీర్పులతో మార్గం తేలింది. మాటతోనే పెళ్లి నిజంగా జరుగుతుంది, సంయోగంతో అది విడదీయరానిది అవుతుంది. అందుకే సంయోగం జరగని పెళ్లిని న్యాయమైన కారణం ఉంటే పాపుగారు రద్దు చేయగలరు. రద్దు చేయాల్సిన అవసరం రావడమే అక్కడ ఒక పెళ్లి ఉందనడానికి రుజువు.

అమెరికా చట్టం తనకు తెలియకుండానే గ్రేషియన్ పక్షం చేరింది. ఎదుటెదుట లేని పెళ్లి విషయంలో, సంయోగం జరిగేదాకా వాళ్ళు భార్యాభర్తలు కారంటోంది.

దాని ఫలితం ఎక్కడిదాకా పోయిందో ఒక మెరీన్ సార్జంట్ కథ చెబుతుంది. ఒకినావాలో పరిచయమైన జపాన్ అమ్మాయిని ఆయన ప్రేమించాడు. ఆమె గర్భవతి అయింది. ఆయన ఇరాక్ యుద్ధంలో ఉండగా 2008లో ఫోను మీద ఇద్దరికీ పెళ్లి జరిగింది. కొన్ని వారాలకే ఆయన అక్కడ చనిపోయాడు. సైన్యం ఆమెను అతని భార్యగానే చూసింది. టెన్నెసీలో అత్తగారి దగ్గర కొడుకును పెంచుకుంటానని ఆమె అడిగితే, వలస చట్టం మాత్రం ఆమెను భార్యగా ఒప్పుకోలేదు. బిడ్డ ఉన్నా, ఆ బిడ్డ కడుపున పడింది పెళ్లికి ముందు. పెళ్లి తర్వాత వాళ్ళు కలుసుకోలేదు. చివరికి ఆ ఒక్క స్త్రీ కోసం అమెరికా కాంగ్రెస్ ప్రత్యేకంగా ఒక చట్టం చేయాల్సి వచ్చింది. 2010 డిసెంబరులో అధ్యక్షుడు ఒబామా దాని మీద సంతకం పెట్టారు. ఒక నిర్వచనం న్యాయం చేయలేక ఒక దేశపు శాసనసభ మొత్తం కదలాల్సి వచ్చిందంటే, లోపం ఆ నిర్వచనంలోనే ఉంది.

అలాగని ఈ చట్టం వెనక ఉన్న భయాన్ని తేలిగ్గా తీసిపారేయలేను. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో హవాయి చెరకు తోటలకు, కాలిఫోర్నియా పొలాలకు వలస వచ్చిన జపాన్, కొరియా కూలీలు ఫొటోలు పంపి పెళ్లి కుదుర్చుకునేవారు. జపాన్‌లో కుటుంబ రిజిస్టరులో పేరు ఎక్కితే పెళ్లి అయినట్టే. పెళ్లికూతురు ఓడ ఎక్కి వచ్చి, రేవులో ఫొటో చేత్తో పట్టుకుని మొగుణ్ణి వెతుక్కునేది. పదేళ్ళ కిందటి ఫొటో పంపినవాళ్ళు, వేరేవాళ్ళ ఫొటో పంపినవాళ్ళు కూడా ఉన్నారు. దిగిన తర్వాత వెనక్కి పోవడానికి ఆ పిల్ల దగ్గర డబ్బేదీ? 1920లో జపాన్ ఫొటో పెళ్లికూతుళ్ళకు పాస్‌పోర్టులు ఇవ్వడం ఆపేసింది. 1924 అమెరికా చట్టం ప్రతినిధి పెళ్లినీ ఫొటో పెళ్లినీ ఏ మినహాయింపూ లేకుండా తోసేసింది. ఆ తోసివేతలో స్త్రీల మీద జాలి కంటే ఆసియా వాళ్ళ మీద ద్వేషమే ఎక్కువ. 1952 నాటి సంయోగం షరతు నిజానికి ఆ కాఠిన్యాన్ని కొంత సడలించింది. అయినా మోసపోయిన ఆ అమ్మాయిల దుఃఖం నిజం. దాన్ని తలుచుకోకుండా ఈ విషయం మాట్లాడకూడదు.

మరి మనిషి ఎదుట ఉంటే మోసం ఉండదా? ఈ ప్రశ్నకు జవాబు కోసం జపాన్ దాకా పోనక్కర్లేదు. మన తెలుగు నేల మీద ఒకప్పుడు పెళ్లి వేరు, కాపురం వేరు. పసిపిల్లకు పెళ్లి చేసి, ఈడు వచ్చాక కాపురానికి పంపేవారు. మధ్యలో ఆ మగపిల్లవాడు చనిపోతే, కాపురం ముఖం చూడని ఆ పిల్ల బతుకంతా విధవ. 1856 నాటి వితంతు పునర్వివాహ చట్టం కూడా సంయోగాన్ని కొలతగా పట్టుకుంది. మైనరైన వితంతువుకు కాపురం జరగలేదంటే, తండ్రి ఒప్పుకుంటే తప్ప ఆమె మళ్ళీ పెళ్లి చేసుకోకూడదంది. 1881 డిసెంబరు 11న రాజమండ్రిలో వీరేశలింగం పంతులుగారు మొదటి వితంతు వివాహం జరిపించింది ఇలాంటి పిల్లల కోసమే. ఆ పిల్లల మొదటి పెళ్లిని ఒకసారి గుర్తు చేసుకోండి. పెళ్లికూతురు పీటల మీద స్వయంగానే కూర్చుంది. పెళ్లికొడుకు ఎదుటే ఉన్నాడు. జీలకర్ర బెల్లం, తాళి, ఊరంతా సాక్షి, అన్నీ ఉన్నాయి. ఆమె ఇష్టం ఒక్కటే లేదు. పిల్లల్ని అడగకుండా పెళ్లిళ్ళు కుదిర్చిన పాపం మా క్రైస్తవ కుటుంబాల్లోనూ ఉంది. నా చేతుల మీదుగా చేయించమని వచ్చిన పెళ్లిళ్ళలో, పెళ్లికూతురు ఎదుటే నిలబడి ఉన్నా ఆమె మనసు అక్కడ లేదని అనుమానం వచ్చి ఆపినవి ఉన్నాయి.

కాబట్టి ఎదుట ఉండటం ఇష్టానికి హామీ కాదు. సంయోగం అసలే కాదు. బలవంతపు పెళ్లిలో మొదట దోచుకునేది ఆ శరీరాన్నే. ఒక స్త్రీ స్వేచ్ఛగా ఒప్పుకుందో లేదో తెలుసుకోవాలనుకున్న చట్టం, ఆమె మాటను వదిలేసి ఆమె శరీరానికి ఏం జరిగిందని అడగడం నన్ను బాధపెడుతుంది. బలవంతంగా కాపురానికి ఈడ్చుకుపోయిన పెళ్లి ఈ షరతు కింద నెగ్గుతుంది. మనసారా మాట ఇచ్చి, దారి లేక దూరంగా ఉన్న పెళ్లి ఓడిపోతుంది.

గుంటూరు అమ్మాయితో నేను విడిగా ఫోనులో మాట్లాడాను. వాళ్ళ అత్తగారి ఎదుట, వాళ్ళ నాన్న ఎదుట కాకుండా మాట్లాడటం నా నియమం. శ్రీసభ అనుమతి గురించి చెప్పాను. వీసా దగ్గర మాత్రం ఆ పెళ్లి ఒక్కటే చాలదనీ, పెళ్లి తేదీ తర్వాత ఇద్దరూ ఎక్కడైనా కలిసి ఉన్నట్టు పాస్‌పోర్టు ముద్రలు, హోటలు రసీదులు, ప్రమాణ పత్రాలు చూపించాల్సి వస్తుందనీ చెప్పాను. ఆమె కాసేపు మాట్లాడలేదు. తర్వాత అంది: "పెళ్లయిందని నేను చెబితే చాలదా ఫాదర్? మిగతాది కూడా వాళ్ళకి చెప్పుకోవాలా?"

శ్రీసభ కూడా ఆ మిగతాది అడుగుతుంది కదా అని ఎవరైనా అనొచ్చు. నిజమే. సంయోగం జరగలేదు కాబట్టి మా పెళ్లిని రద్దు చేయండని దంపతుల్లో ఎవరైనా రోమ్‌కు విన్నవించుకుంటే, ఆ విచారణలో ఆ ప్రశ్నలన్నీ వస్తాయి. కానీ అక్కడ అడిగేది, తమకు విడుదల కావాలని తామే వచ్చిన వాళ్ళను. పెళ్లి చేసుకుని వచ్చిన ప్రతి జంటనూ గుమ్మంలో ఆపి అడగదు. మీ మాటలు మేము విన్నాం, మీరు భార్యాభర్తలు అని ముందు ఒప్పుకుంటుంది.

ఇంకో మార్గం లేదని కూడా ఎవరూ అనలేరు. అర్జెంటీనాలో ప్రతినిధి ద్వారా జరిగిన ఒక పెళ్లిని 1947లో బ్రిటన్ అప్పీలు కోర్టు గుర్తించింది. జరిగిన చోటి చట్టం ప్రకారం చెల్లితే ఇక్కడా చెల్లుతుందంది. కెనడా దీనికి ఎదురు దారి పట్టింది. 2015 జూన్ నుంచి ప్రతినిధి పెళ్లిళ్ళను, ఫోను పెళ్లిళ్ళను స్పాన్సర్‌షిప్‌కు పనికిరావంది. తన సైనికులకు మాత్రం మినహాయింపు ఇచ్చింది. దేశం పంపితే దూరమైనవాడి దూరాన్ని దేశం క్షమించింది. మరి పొట్టకూటి కోసం దూరమైనవాడి దూరం? స్టాంపింగ్ అపాయింట్‌మెంట్ ఇవ్వని వ్యవస్థ పెట్టిన దూరం? వీటిలో ఏ దూరమూ ఆ మనిషి కోరి తెచ్చుకున్నది కాదు.

చట్టానికి నిజంగా కావలసింది స్త్రీ స్వేచ్ఛ అయితే, దానికి సాధనం ఇప్పటికే ఆ చేతిలో ఉంది. భార్య వీసాకు వచ్చిన అమ్మాయి కాన్సులేటులో అధికారి ఎదుట నిలబడుతుంది. అక్కడ ఆమె ప్రత్యక్షంగానే ఉంది. కుటుంబాన్ని బయట ఉంచి, ఆమె భాషలో, తొందర లేకుండా అడగొచ్చు. ఇతను నీకు ఎలా తెలుసు? నీకు ఇష్టమేనా? నువ్వు వద్దంటే ఏమవుతుంది? ఈ ప్రశ్నలకు వచ్చే జవాబు ఏ హోటలు రసీదు కంటే ఎక్కువ చెబుతుంది. నేను పెళ్లికి ముందు అడిగేవి కూడా ఇవే.

ఆ జంటకు నేను ఆగమనే సలహా ఇచ్చాను, ఆగారు. ప్రతినిధి పెళ్లి చిన్నదని కాదు. వీసా తేదీ కోసం ముహూర్తం పెట్టుకున్న పెళ్లిలో ఇష్టం ఎంత, అవసరం ఎంత అన్నది వాళ్ళకే తేల్చుకోవడం కష్టమవుతుందని. ఆ ఆగడానికి మూల్యం మాత్రం వాళ్ళే చెల్లించారు. యుద్ధంలో ఉన్నవాడో, జైల్లో ఉన్నవాడో, మంచం పట్టినవాడో అడిగి ఉంటే, అధికార పత్రం మీద మరునాడే సంతకం పెట్టి మేత్రాణుల అనుమతికి రాసేవాణ్ణి.

ఎవరు తన గడప దాటి రావాలో నిర్ణయించుకునే హక్కు ప్రతి దేశానికీ ఉంది. జాగ్రత్త కోసం ఆలస్యం చేయనీ, ప్రశ్నలు వేయనీ, కాదననీ. కానీ ఇద్దరు పెద్దవాళ్ళు తెలిసి, స్వేచ్ఛగా ఒకరికొకరు మాట ఇచ్చుకున్నాక, వాళ్ళు భార్యాభర్తలు కారని చెప్పే అధికారం ఏ దేశానికీ లేదు. "నీకు ఇంకా వీసా ఇవ్వలేం" అనడం వేరు, "నువ్వు ఇంకా భార్యవు కావు" అనడం వేరు. మొదటి మాట చట్టం అనొచ్చు. రెండో మాటను నిర్వచనంలోంచి తీసేయాలి.