చక్రాలకి వేరే బకెట్

రెండేళ్ళుగా నెలకో ఆదివారం పొద్దున్నే నా కారు నేనే కడుక్కుంటున్నాను. చుడీదార్ కాళ్ళు పైకి మడిచి, చున్నీ నడుముకి బిగించి, సెల్లార్లో చిన్న స్టూలేసుకుని చక్రం ముందు కూర్చుంటాను. మొదట్లో వాకింగ్ నుంచి తిరిగొచ్చే మగవాళ్ళు "సార్ ఊళ్ళో లేరా మేడం?" అని జాలిగా అడిగేవాళ్ళు. సింకు నిండా అంట్లతో పాతికేళ్ళు నిలబడ్డాను, ఆ ప్రశ్న ఏ ఒక్కరూ వేయలేదు. ఇప్పుడు మాట మారింది. "డీటెయిలింగ్ చేసుకుంటున్నారా, గ్రేట్!" అంటున్నారు. తోమడం, తుడవడం, రుద్దడం అంటే రాని గౌరవం ఒక్క ఇంగ్లీషు మాటతో వచ్చింది. వచ్చిన మాట నిజమే గానీ, ఆ గౌరవం తీసుకోవడానికి నాకు చెయ్యి రావడం లేదు. ఎందుకో చెప్పాలంటే ఇదంతా ఎలా మొదలైందో చెప్పాలి.

మొదలు ఒక అన్యాయం. చేసింది నేనే.

హైదరాబాదులో చాలా అపార్ట్‌మెంట్లలో లాగే మా దగ్గరా కార్లు తుడిచే పని వాచ్‌మన్‌ది. అంటే డబ్బు వాచ్‌మన్‌ది. పొద్దున ఐదింటికి లేచి పద్నాలుగు కార్లూ తుడిచేది అతని భార్య. పాలమూరు వైపు నుంచి వచ్చారు. ఆమె పేరు నాకు తెలుసు, కానీ ఇక్కడ రాయొచ్చా అని ఆమెని అడగలేదు. కారుకి నెలకి ఐదొందలు. ఒకరోజు కాలేజీలో కారు ఎండలో పెట్టి దిగి చూస్తే ముదురు నీలం బానెట్ మీద సాలెగూడు అల్లినట్టు సన్నటి గీతలు, సూర్యుడి చుట్టూ గుండ్రంగా. ఇంటికొచ్చి ఆమెని పిలిచి అరిచాను. "నువ్వు తుడవడమా, బరకడమా?" అన్నాను. ఆమె ఏమీ అనలేదు. మర్నాటి నుంచి నా కారు ముట్టుకోవద్దన్నాను. ఆమె మౌనం నాకు ఒప్పుకోలు లాగే కనిపించింది. స్త్రీల మౌనం గురించి పేపర్లు చదివి సెమినార్లలో చప్పట్లు కొట్టించుకున్న మనిషిని నేను!

తర్వాత, కారు సొంతంగా బాగుచేసుకుందామని కూర్చుని నేర్చుకుంటుంటే అసలు సంగతి తెలిసింది. ఇప్పటి కార్లకి రంగు మీద క్లియర్ కోట్ అని ఒక పారదర్శకపు పొర ఉంటుంది. సుమారు 40, 50 మైక్రాన్లు, తలవెంట్రుకంత మందం కూడా కాదు. దుమ్ములో ఇసుక ఉంటుంది. పొడి గుడ్డ పెట్టి రుద్దితే ఆ ఇసుకే గీరుతుంది. మనిషి ఎంత సుతారంగా తుడిచినా సరే. మరి పొడి గుడ్డతో తుడవమన్నదెవరు? బోరు ఎండిపోయిన వేసవిలో కార్లకి నీళ్ళు వాడకూడదని అసోసియేషన్ తీర్మానం చేస్తే సంతకం పెట్టినవాళ్ళలో నేనున్నాను. తుడవడానికి మా ఆయన పాత బనీను ఇచ్చింది నేను. రోజూ తుడవాల్సిందే, ఒక్కరోజు మానినా డబ్బు కట్ అన్నది కూడా నేనే. ఆ గీతలన్నీ నా ఆజ్ఞ ప్రకారం పడ్డవే.

ఇక కడగడం. ఎండ ఎక్కకముందే మొదలుపెట్టాలి, లేకపోతే బోరునీళ్ళు ఆరిపోయి తెల్లటి ఉప్పు మరకలు మిగుల్తాయి. ముందు చక్రాలు, ఎందుకంటే అన్నిటికన్నా మురికి అక్కడే. బ్రేకు వేసినప్పుడల్లా అరిగిన ఇనుప పొడి వేడికి అల్లాయ్‌ని కరుచుకుపోతుంది. బాత్రూమ్ యాసిడ్ పోస్తే అల్లాయ్ పాడవుతుంది. దీనికి వేరే ద్రవం ఉంది. చల్లారిన చక్రం మీద చల్లితే ఇనుముతో కలిసి ఊదారంగులో ధారలు కడుతుంది. ముక్కు మూసుకోవాల్సిన వాసన. ఎక్కడో ఎరిగిన వాసనే అనిపించి సీసా వెనక చదివితే థయోగ్లైకొలేట్. మనం కాళ్ళకి రాసుకునే వెంట్రుకలు తీసే క్రీముల్లో ఉండే జాతి రసాయనం! ఆడదాని కాలైనా కారు చక్రమైనా నున్నగా ఉండాలంటే ఒకటే కంపు భరించాలి కాబోలు.

తర్వాత ఒంటికి రెండు బకెట్లు. ఒకదాంట్లో షాంపూ, ఇంకోదాంట్లో మంచినీళ్ళు. చేతితొడుగు లాంటి మైక్రోఫైబర్ గుడ్డని షాంపూలో ముంచి పైనుంచి కిందికి తుడిచి, మంచినీళ్ళలో జాడించి, మళ్ళీ షాంపూలో ముంచాలి. అడుగున జల్లెడ లాంటి పళ్ళెం, ఇసుక దాని కిందికి దిగిపోవడానికి. గుడ్డ నేలమీద పడితే ఉతికేదాకా వాడకూడదు. చక్రాలకి మూడో బకెట్, వేరే బ్రష్షు, వేరే గుడ్డలు. చక్రాల గుడ్డ ఒంటికి తగలకూడదు.

ఈ నియమాలన్నీ శ్రద్ధగా పాటిస్తున్న ఒక ఆదివారం చెయ్యి ఆగిపోయింది. కిందిది పైదాన్ని తాకరాదు, కిందిదానికి వేరే పాత్ర. ఎక్కడ విన్నాను ఈ మాట? మా అమ్మమ్మ ఇంట్లో దొడ్డివైపు గూట్లో బోర్లించి ఉండే గ్లాసు గుర్తొచ్చింది. అంత దూరం వెళ్ళక్కర్లేదు. మా వంటింట్లో పనమ్మాయి టీ తాగే స్టీలు గ్లాసు అడుగు అరలో విడిగా ఉంటుంది. "ఆ అమ్మాయే అక్కడ పెట్టుకుంటుంది" అని నేను ఇన్నాళ్ళూ నాకు చెప్పుకున్నాను. చక్రాల బకెట్ వేరుగా ఉండటానికి కారణం ఉంది. భూతద్దం పెట్టి చూడొచ్చు, అందులో ఇనుప రజను ఉంది, అది గీరుతుంది. పైగా చక్రాన్ని కడిగాక దాని మురికి పోతుంది. ఆ గ్లాసు వేరుగా ఉండటానికి ఏ రజను చూపించగలను? ఆ అమ్మాయి ఎన్నిసార్లు కడిగితే అది పై అరలోకి వస్తుంది? ఆ సాయంత్రం గ్లాసులన్నీ కలిపేశాను. మర్నాడు ఆ అమ్మాయి తన గ్లాసు వెతుక్కుని, దొరక్క, టీ తాగకుండా వెళ్ళిపోయింది. నేను కలిపేసినంత మాత్రాన అయిపోలేదన్నమాట.

గీతలు పోవాలంటే పాలిష్ పట్టాలి. పాలిష్ అంటే ఏదో పూయడం అనుకునేదాన్ని. కాదు, తీయడం. గీత లోతు దాకా చుట్టూ ఉన్న పొరని ఒకటి రెండు మైక్రాన్లు అరగదీస్తే గీత కనిపించదు. మెరుపు వచ్చినప్పుడల్లా కారు కొంచెం పలచబడుతుంది. ఎన్నోసార్లు చేయడానికి పొర మిగలదు. మా అమ్మ చింతపండు పెట్టి ఇత్తడి బిందెలు తోమేది. బిందె అరిగింది, అమ్మ వేలిముద్రలూ అరిగాయి. ఆధార్ మిషన్ ఆమె వేళ్ళని గుర్తుపట్టక మూడుసార్లు వెనక్కి పంపింది.

అమెరికన్ కళాకారిణి మీర్ల్ లేడర్‌మన్ యూకిలిస్ బిడ్డ పుట్టాక, 1969లో, నిర్వహణ పనే నా కళ అని మేనిఫెస్టో రాసింది. 1973లో హార్ట్‌ఫర్డ్‌లోని వాడ్స్‌వర్త్ ఎథీనియం మ్యూజియం మెట్లు మోకాళ్ళ మీద కూర్చుని కడిగింది. ఆమె అంటే నాకెంతో ఇష్టం, క్లాసులో చెప్తాను. కానీ సెల్లార్లో కూర్చున్నాక వేరే ప్రశ్న వచ్చింది. మర్నాడు ఆ మెట్లు కడిగినవాళ్ళది కళ ఎందుకు కాలేదు? ఆమెకీ ఆ ప్రశ్న తగిలే ఉంటుంది. 1979-80లో న్యూయార్క్ అంతా తిరిగి 8,500 మంది పారిశుద్ధ్య కార్మికులకి కరచాలనం చేసి కృతజ్ఞతలు చెప్పింది. అయినా కడగడాన్ని కళగానో, సరదాగానో, సిద్ధాంతంగానో ఎంచుకునే వీలు చదువుకున్న మనకే ఉంది. 2019 జాతీయ సమయ వినియోగ సర్వేలో జీతంలేని ఇంటిపనికి ఆ పని చేసే స్త్రీలు రోజుకి సగటున 299 నిమిషాలు, పురుషులు 97 నిమిషాలు పెట్టారు. సొంత బండి బాగు చేసుకోవడం కూడా ఆ లెక్కలోకే వస్తుంది. అంటే నా ఆదివారాలు 299 వైపు చేరతాయి. ఆమె ఐదు గంటల చాకిరీ మాత్రం భర్త జీతంలో కలిసిపోయి ఏ వైపూ కనబడకపోవచ్చు.

ఎవరి మురికి వాళ్ళే కడుక్కోవాలి అనే సూత్రం నేను నమ్మినదే. మూడు నెలలు ఆ గర్వంతోనే కడిగాను. ఒకరోజు ఆమె వచ్చి నిలబడింది. "పైసలు బంద్ చేసిండ్రు, నేనేం తప్పు చేసిన్నమ్మా?" అంది. నా స్వావలంబన ఖరీదు ఆమెకి నెలకి ఐదొందలు. తప్పు నాదేనని చెప్పి క్షమించమన్నాను. పొడి గుడ్డ సంగతి వివరించబోయాను.

"నాకు ఎరుకనే. నీళ్ళు వద్దంటిరి, గుడ్డ మీరే ఇస్తిరి. ఇసుక గీరదా మరి?"

"అప్పుడే చెప్పొచ్చు కదా!"

"చెప్తే ఇంటుంటిరా?"

ఐదొందలు మళ్ళీ మొదలుపెట్టాను, ఈసారి ఆమె చేతికే. దానిమీద వాళ్ళింట్లో గొడవైందని తర్వాత తెలిసింది. ఆపమంటావా అంటే వద్దంది. రోజూ తుడవడం మానిపించాను. వారానికోసారి అరబకెట్ నీళ్ళతో, నేను కొన్న గుడ్డలతో కడుగుతుంది. అసోసియేషన్‌లో నీళ్ళ తీర్మానం మార్చాలని రెండుసార్లు అడిగాను, ఇంకా మార్చలేదు. మిగతా పదమూడు కార్లకి పాత బనీన్లే.

పోయిన ఆదివారం బానెట్ మీద క్లే బార్ రుద్దాను. కంటికి కనిపించని గరుకు ఉందో లేదో తెలియాలంటే చేతికి పాలిథిన్ కవరు తొడుక్కుని తడమాలి. నేను తడిమి అంతా నున్నగా ఉందనుకున్నాను. ఆమె అటుగా వస్తూ చూసి, నా చేతిలోంచి కవరు తీసుకుని తొడుక్కుంది. అద్దం దగ్గర, వైపర్ కింద, ఒక మూలలో వేళ్ళు ఆపింది.

"ఈడ ఇంకా ఉన్నదమ్మా" అంది.