నీటిలో ఆగిన కారు

ధ్యాన భాగము: సంఖ్యాకాండము 14:39–45

కోఠి, ఆబిడ్స్, నాంపల్లి ప్రాంతములలో నివసించు మనకు రోడ్డుమీద వాననీరు క్రొత్త కాదు. గంటసేపు గట్టిగా కురిసిన చాలును, వీధి వాగగును. 2020 అక్టోబరు 13వ తేదీన సుమారు 19 సెంటీమీటర్ల వర్షము పడి, నగరములో కార్లు కొట్టుకొనిపోయిన సంగతి మీరు మరచియుండరు. ఆ కార్లను గూర్చి నేను వ్రాయుటలేదు. మోకాటిలోతు నీటిలో మెల్లగా పోవుచు నడిమధ్య ఆగిపోయిన కారును గూర్చియే నా మాట.

అది యెందుకు ఆగును? నీరు పొగగొట్టము గుండా లోనికి పోవునని పలువురు తలంతురు. సాధారణముగా అట్లు కాదు. ఇంజను గాలి పీల్చు మార్గము బండి ముందుభాగమున ఉండును. ప్రక్కనుండి సిటీబస్సు దూసుకొనిపోగా లేచిన అల అంతవరకు అందును. గాలికి బదులు నీరు లోనికి పోవును. సిలిండరులో పిస్టను పైకి వచ్చునప్పుడు గాలి అణగును, నీరు అణగదు. అంతట ఇంజను నిలిచిపోవును.

నెమ్మదిగా పోవుచు ఆగిన బండికి అంతవరకు కలిగిన నష్టము అనేక పర్యాయములు స్వల్పమే. అసలు కీడు తరువాతి నిమిషములో జరుగును. వెనుక హారన్లు మ్రోగుచుండును. డ్రైవరు తాళపుచెవి త్రిప్పును, మరల త్రిప్పును. లోపలి నీటిని అణచలేక కనెక్టింగ్ రాడ్డు వంగవచ్చును. కొన్ని బండ్లు అట్లే స్టార్టయి కొన్ని దినములు నడచును గూడ. పిమ్మట వంగిన రాడ్డు విరిగి ఇంజను గోడనే చీల్చును. ఇట్టి నష్టమును సాధారణ బీమా తరచుగా భరింపదు. ఇంజను రక్షణను వేరుగా చేర్చుకొనవలెను. టాక్సీ నడుపువాడైతే ఆనాటి కూలి, బ్యాంకు వాయిదా, ఇంటిలోని బియ్యము, అన్నియు ఆ తాళపుచెవి మీదనే ఆధారపడియున్నవి. అతనిని మూర్ఖుడనుటకు నాకు మనసొప్పదు.

కాదేషునొద్ద ఇశ్రాయేలీయులును ఇట్లే చేసిరి. దేవుడు పొమ్మన్నప్పుడు వేగులవారి మాటకు జడిసి నిలిచిపోయిరి. తీర్పు వినిన మరునాడు వేకువనే లేచి, పాపము చేసితిమని ఒప్పుకొని, కొండమీదికి బయలుదేరిరి. వారి దుఃఖము బూటకమని నేననను. అయితే మందసము పాళెములోనే యుండెను, మోషే కదలలేదు. వారు మాత్రము వెళ్లి, హోర్మావరకు తరుమబడిరి. నిన్న భయము, నేడు తొందర. రెండు దినములును దేవుని మాట వినుటకు వారికి తీరిక లేకపోయెను.

మనలోను ఉద్యోగము పోయిన వారములోనే ప్రావిడెంట్ ఫండు సొమ్మంతయు తెలియని వ్యాపారములో పెట్టువారు కలరు. ఒక అప్పు తీర్చుటకు రోజువారీ వడ్డీకి మరియొక అప్పు తెచ్చువారును కలరు. మొదటి దెబ్బకు ఓర్చిన కుటుంబము ఈ రెండవదానితో కూలిపోవుట మనము చూచుచునే యున్నాము.

అయినను ఆగుట సోమరితనము కాదు. ఎఱ్ఱసముద్రమునొద్ద ఊరక నిలువుడని విన్న జనులే కొంచెము సేపటికి సాగిపొమ్మను ఆజ్ఞయు వినిరి (నిర్గమకాండము 14:13–15). ఆగిన బండికిని పని యున్నది. దానిని మెట్టకు చేర్చి, బ్యాటరీ తీగె విప్పవలెను. ఎయిర్ ఫిల్టరు తడిసినదేమో చూడవలెను. పెట్రోలు బండియైతే మెకానిక్కు స్పార్క్ ప్లగ్గులు తీసి ఇంజనును త్రిప్పును. ఆ రంధ్రములగుండా నీరు చిమ్ముకొని వచ్చును. ఆయిలు పుల్లను తీసి చూడగా ఆయిలు మన ఇరానీ చాయ్ రంగునకు మారియున్నయెడల దానిని పూర్తిగా మార్చవలెను.

1908 సెప్టెంబరు 28న మూసీ పొంగినప్పుడు, నేటి ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలోనున్న చింతచెట్టు నెక్కి సుమారు 150 మంది బ్రదికిరని పెద్దలు చెప్పుదురు. నీరు తీయువరకు కొమ్మను వదలకుండుటయే వారు చేసిన పని. ఆ రాత్రి అది తక్కువ పని కాదు.

ఈ వానకాలమున మన గుడి గుమ్మము ముందు ఎవరి బండియైనను ఆగినయెడల, హారను మ్రోగించువారిలో మనముండరాదు. యౌవనులు నలుగురు దిగి, గేరు న్యూట్రలులో పెట్టించి, బండిని మెట్టకు త్రోయుడి. డ్రైవరుకు వేడి టీ ఇచ్చి, మెకానిక్కు వచ్చువరకు తాళపుచెవిని జేబులో ఉంచుకొమ్మని చెప్పుడి.