టార్చిలైటు ఎక్కడ వెయ్యాలి?

మొన్న మావారు కొత్త టార్చిలైటు కొనుక్కొచ్చారు. గుప్పిట్లో ఇమిడిపోతుంది గానీ, మీట నొక్కితే వీధి చివర వేపచెట్టు ఆకులు లెక్కపెట్టొచ్చు. "ఇంకో నాలుగేళ్లాగితే ఇదే బ్యాటరీతో పదింతల వెలుగొస్తుంది, చూస్తూండు" అన్నారు, అదేదో తామే కనిపెట్టినట్టు.

ఫిజిక్సు చదువుతున్న మా అబ్బాయి ఒప్పుకోలేదు. నీలికాంతి ఇచ్చే ఎల్.ఇ.డి.ని సాధించినందుకు అకసాకి, అమానో, నకమురాలకి 2014లో నోబెల్ బహుమతి వచ్చిందిట. ఆ నీలికాంతికి పసుపు పూత తోడైతే తెల్లని వెలుగవుతుంది. పాత ఫిలమెంటు బల్బు వాటుకి 10, 15 ల్యూమెన్లిస్తే గొప్ప. ఇది వంద దాటేసింది. కానీ తెల్లని వెలుగుకి ప్రకృతి గీసిన గీత 300, 400 మధ్యనే ఉందిట. పైగా చిప్పు వేడెక్కుతుంది. రెట్టింపు దూరం కనబడాలంటే నాలుగింతల వెలుగు కావాలి. "అంచేత పదింతలు కల్ల నాన్నా" అని తేల్చేశాడు.

ఆ రాత్రే కరెంటు పోయింది. అత్తయ్యగారు మేడమెట్లు దిగుతున్నారు. సాయం చేద్దామని కిందనుంచి టార్చి ఆవిడ వైపు వేశాను. "ఆపవే తల్లీ, కళ్లు కనబడ్డం లేదు!" అంటూనే మెట్టు తప్పారు. రెయిలింగు దొరికింది గనక సరిపోయింది. లేకపోతే ఏమయ్యేదో తలుచుకుంటే ఇప్పటికీ గుండె దడే. కాలు మాత్రం బెణికింది.

నేను కళ్లనీళ్లు పెట్టుకుంటే ఆవిడే ఓదార్చారు. "మా అమ్మ లాంతరు కిందికి దించి పట్టుకునేదే. వెనకవాళ్ల కాళ్లముందు వెలుగు పడాలనేది" అన్నారు.

రాత్రంతా నిద్రపట్టలేదు. కిందటి నెల పెళ్లిలో మా చెల్లెలికి పదిమందిలో ఒక నిజం చెప్పాను. దాని మంచికే చెప్పాను, అబద్ధమేమీ కాదు. అయినా అది మాట్లాడ్డం మానేసింది. నిజాన్ని కూడా నేను దాని మొహం మీదే వేశాను కాబోలు! చీకటికి అలవాటుపడ్డ కన్ను ఒక్కసారి చెదిరితే మళ్లీ పూర్తిగా సర్దుకోవడానికి అరగంట పట్టొచ్చుట. మనసుకి ఎన్నాళ్లు పడుతుందో ఏ ఫిజిక్సు పుస్తకంలోనూ ఉన్నట్టు లేదు.

నిజం చెప్పొద్దనను. వెలుగు వద్దని ఎవరంటారు? ఎదుటివాళ్లకి దారి కనబడుతోందా, మన టార్చి గొప్పే కనబడుతోందా అని చూసుకోవాలి కదూ!

ఇవాళ దానికి నేనే ఫోను చేస్తాను. తిడితే పడతాను.